గొడుగు రాకుమారీ ముప్పై నోళ్ళూ

ఆ రోజు ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి బడి నుంచి రెండో తరగతి పిల్లలు ముప్పై మంది వస్తారు. తలకు ఆరు నిమిషాలు పట్టినా పన్నెండింటికల్లా ముప్పై నోళ్ళూ చూడటం అయిపోతుంది. పన్నెండు దాటాక హెడ్‌మిస్ట్రెస్ వస్తుంది, పిల్లలు నవ్వుతూ మెట్లు దిగడం చూస్తుంది, "ఇక మీదట మా బడి మొత్తానికీ మీరే డాక్టరు" అంటుంది. అంతే.

ఆ ఒక్క మాట మీదే అతని బోర్డు వేలాడుతోంది. చెప్పుల కొట్టు మీది అంతస్తులో అతను ఆసుపత్రి తెరిచి పది నెలలైంది. వచ్చే రోగుల కంటే అడ్రసు అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. మామగారు కూడా పళ్ళ డాక్టరే. మామూలు డాక్టరు కాదు, నలభై ఏళ్ళుగా ఊళ్ళో సగం దవడల లోతులు తెలిసిన మనిషి. ఆయన ముందు రోజు సాయంత్రమే వచ్చి కుర్చీలో కూర్చోకుండా, నిలబడే చెప్పి వెళ్ళాడు.

"అల్లుడూ, రేపు ఆ బడివాళ్ళు మెచ్చుకుంటే నీ బోర్డు నీది. లేదంటే సోమవారం నుంచి వచ్చి నా దగ్గర చేరు. పంతం పట్టుకుని కూర్చుంటే పళ్ళు రావయ్యా."

మామగారి దగ్గర చేరడం అంటే ఏమిటో డాక్టరుకు బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో ఆరు నెలలు చేశాడు. ఆయన పన్ను పీకుతుంటే ఇతను టార్చి పట్టుకోవాలి. టార్చి కాస్త వణికితే రోగి ఎదుటే "ఇంజనీరింగు చదవాల్సినవాడు" అనేవాడు.

అయినా డాక్టరు ధైర్యంగానే ఉన్నాడు. అతని దగ్గర ఒక అస్త్రం ఉంది. అది మందు కాదు, మత్తు కాదు. ఒక పాత బొమ్మల సినిమా. పేరు 'గొడుగు రాకుమారి'. అతను చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని ఒకసారి, నాన్న భుజాల మీద కూర్చుని ఒకసారి, ఎవరికీ చెప్పకుండా తొమ్మిదిసార్లు, వెరసి పదకొండుసార్లు చూశాడు. కథ చిన్నదే. ఆకుపచ్చ అంగీ తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకున్న మాంత్రికుడొకడు రాకుమారిని గొడుగుగా మార్చి, మడిచి, మూల పడేస్తాడు. ఓ వానరోజున మూలనున్న గొడుగు పాడటం మొదలుపెడుతుంది. వంటింట్లో గిన్నెలు వంత పాడతాయి, గాడిద వంత పాడుతుంది, చూరు కింద కప్పలు తాళం వేస్తాయి. పాట చివర రాకుమారి "ఆ..." అని ఒక్క ఆలాపన అందుకుంటుంది. అది సరిగ్గా ఇరవై రెండు సెకన్లు. విన్నవాళ్ళందరూ ఆమెతో కలిసి చివరిదాకా గొంతు కలిపితేనే గొడుగు తెరుచుకుంటుంది. ఒక్కడు మానేసినా రాకుమారి మడతలోనే ఉండిపోతుంది.

కుర్చీలో పడుకోబెట్టి నెత్తిమీది టీవీలో ఆ పాట పెడితే, నోరు తెరవని పిల్ల ఈ భూమ్మీద లేదు. తను పాడకపోతే ఆ పిల్ల గొడుగులోనే ఉండిపోతుందన్న భయం అలాంటిది. ఆ ఇరవై రెండు సెకన్లలో డాక్టరు టార్చి వేసి చూస్తాడు, గీకుతాడు, కదిలే పాలపన్ను ఉంటే లాగేస్తాడు. సమయం చాలకపోతే రిమోట్ నొక్కి చరణం మళ్ళీ మొదటికి తెస్తాడు. పని అంతా అయ్యాక, బహుమానంగా, గొడుగు తెరుచుకునేదాకా చూపించి పంపుతాడు. పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా పక్కనే నిలబడి నోళ్ళు తెరిచేవాళ్ళు. అలా అడగకుండానే ఇద్దరు అమ్మమ్మల పుచ్చుపళ్ళు కూడా బయటపడ్డాయి.

ఈ పథకానికి చిన్న మెరుగు దిద్దింది డాక్టరు భార్య. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని రోగుల పేర్లు రాసుకునేది ఆవిడే.

"ఏమండీ, లోపల ఒక్కరు పడుకుంటే బయట ఇరవై తొమ్మిది మంది ఏం చేస్తారు? నా జుట్టు పీక్కుంటారు. లోపలి ప్లేయరు నుంచే ఇక్కడి టీవీకీ తీగ లాగించాను. అందరూ అదే సినిమా చూస్తారు. ఎలా ఉంది నా తెలివి?"

"నీకేమిటి, నువ్వు మామయ్యగారి కూతురివి" అన్నాడు డాక్టరు మురిసిపోతూ. ఇద్దరిలో ఒక్కరైనా ఇంకో నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది.

తొమ్మిదింటికి పిల్లలు వచ్చారు. వెంట డ్రిల్లు మాస్టారు. ఆరడుగుల మనిషి, బుర్రమీసం, మెడలో ఈల. ఈల ఒక్కసారి ఊదగానే ముప్పై మందీ బెంచీల మీద వరసగా సర్దుకున్నారు. టీవీలో సినిమా మొదలైంది. గాడిద కనపడగానే నవ్వులు. మాంత్రికుడు రాగానే కేకలు. డాక్టరు లోపల ఆకుపచ్చ అంగీ తొడుక్కుని, మూతికి మాస్కు కట్టుకుని, గ్లౌజులు వేసుకుని సిద్ధమయ్యాడు. గది తలుపు వేసేశాడు, యంత్రం చప్పుడు బయటి పిల్లలకు వినపడకూడదని.

మొదటి పిల్లవాడు పడుకున్నాడు. ఆలాపన వచ్చింది. నోరు తెరుచుకుంది. డాక్టరు సగం చూశాడు, రిమోట్ నొక్కి వెనక్కి తిప్పాడు, మిగతా సగం చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టుకుని రెండోవాడిని పిలిచాడు. గొడుగు తెరుచుకోవడం ఒక్కొక్కరికీ చూపిస్తే ఆలస్యమని, చివర్లో అందరికీ కలిపి ఒకేసారి చూపిద్దామని అతని లెక్క.

బయట గదిలో జరిగింది ఇది. ఇరవై తొమ్మిది మంది గొంతులు చించుకుని "ఆ..." అన్నారు. రాకుమారి కళ్ళు మూసుకుంది, గొడుగు మడతలు వణికాయి, తెరుచుకోబోయింది. అంతలో తెర మీద సర్రున అంతా వెనక్కి పోయింది. మళ్ళీ వాన మొదటికొచ్చింది. మళ్ళీ పాడారు. మళ్ళీ వెనక్కి పోయింది. మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. డాక్టరు భార్య అటు వీపు పెట్టి పేర్లు రాసుకుంటోంది. పిల్లలు ఇంత శ్రద్ధగా పాడుతున్నారంటే పని చక్కగా సాగుతోందనుకుంది.

"ఎవడ్రా పాడనిది?" అని ముందు ఒకరినొకరు అనుమానించుకున్నారు. నోళ్ళు తనిఖీ చేసుకున్నారు. అంతలో మొదటి పిల్లవాడు మెల్లగా నోరు విప్పాడు.

"పాడనిది మనం కాదు. లోపల ఒకాయన ఉన్నాడు. ఆకుపచ్చ అంగీ. మూతికి గుడ్డ. చేతిలో మీట ఉంది. ఆయనే వెనక్కి లాగేస్తున్నాడు."

అందరూ టీవీలోని మాంత్రికుణ్ణి చూశారు. లోపలి గది తలుపును చూశారు. ఇక ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

ఆ తరగతికి పేరుకు లీడరు వేరే ఉన్నా, అసలు పెత్తనం ఒక తొర్రిపళ్ళ పాపది. పై వరసలో ముందు రెండు పళ్ళూ లేవు, భయం అసలే లేదు. "తర్వాత నేను వెళ్తా" అంది. వరసలో ముందున్నవాళ్ళు దారి ఇచ్చారు.

డాక్టరు నవ్వుతూ ఆహ్వానించాడు. మాస్కు వెనక నవ్వు ఎవరికి కనపడుతుంది? పాప ఎక్కి పడుకుంది. ఆలాపన వచ్చింది. పాప పెదాలు రెండూ అతికించినట్టు బిగించింది. ఇరవై రెండు సెకన్లు వృథాగా పోయాయి. డాక్టరు వెనక్కి తిప్పాడు. మళ్ళీ అంతే.

"ఏం తల్లీ, పాడవా? రాకుమారి పాపం కదూ?"

"నువ్వు గొడుగు తెరువు. నేను నోరు తెరుస్తా."

"ముందు నువ్వు తెరవాలమ్మా."

"నిన్ను నమ్మను."

డాక్టరు మళ్ళీ మీట నొక్కబోయాడు. పాప చటుక్కున రిమోట్ లాక్కుని తన కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఏ మీటల మీద కూర్చుందో ఏమో, బొమ్మ ముందుకు ఉరికింది, వెనక్కి దూకింది, గాడిద తలకిందులుగా పాడింది. డాక్టరు కంగారుపడి, ఆపడానికి ప్లేయరు నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాడు. లోపల డిస్కు కిర్రుమంది. బొమ్మ బిగుసుకుపోయింది. తెర నిండా రాకుమారి ముఖం, కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని. "ఆ... ఆ... ఆ... ఆ..." అంటూ ఆలాపన ఒక్కచోటే ఎక్కిళ్ళు పెట్టసాగింది.

బయట కందిరీగల తుట్టె కదిలినట్టయింది. ఇరవై తొమ్మిది మంది ఒక్కసారే ఘొల్లుమన్నారు. డాక్టరు భార్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగేసరికి ఏడ్చేవాళ్ళు ఇరవై తొమ్మిది మంది కాదు, ముప్పై మంది. డ్రిల్లు మాస్టారు లోపలి తలుపు మీద దబదబా బాదుతున్నాడు. మీసం తడిసిపోయింది.

"డాక్టరుగారూ! నా చిన్నప్పుడు సినిమా హాల్లో సరిగ్గా ఈ పాట దగ్గరే కరెంటు పోయిందండీ! ముప్పై ఐదేళ్ళు! గొడుగు తెరుచుకుందో లేదో ఇప్పటిదాకా నాకు తెలీదు! ఈసారైనా చూడనివ్వండి సార్!"

"మాస్టారూ, మీరే ఇలా అయితే ఎలాగండీ!" అని డాక్టరు భార్య ఆయన చెయ్యి పట్టుకు లాగింది. ఆయన రాలేదు. ఆవిడే కాస్త ముందుకు జరిగింది.

ఈ గోల కింద చెప్పుల కొట్టులోకి దిగింది. కొట్టాయన బేరం మధ్యలో వదిలేసి, చేతిలో చెప్పుతోనే పైకి పరుగెత్తుకొచ్చాడు. పిల్లలు మూగి ఉండటంతో టీవీ అతని కంట పడలేదు. అతనికి కనపడింది ఇది: పిల్లలు నోళ్ళు తెరిచి ఏడుస్తున్నారు, ఏనుగంత మనిషి దవడ పట్టుకుని వెక్కుతున్నాడు, మూసిన తలుపు వెనక నుంచి ఎవరో ఆడమనిషి "ఆ... ఆ... ఆ..." అని ఆగకుండా అరుస్తోంది. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి, మెట్ల మీద నుంచే వీధిలోకి చాటింపు వేశాడు.

"రండి రండి! పైన పిల్లలకి మత్తు ఇవ్వకుండా పళ్ళు పీకేస్తున్నాడు!"

పది నెలల్లో ఆ మెట్లు ఎన్నడూ అంతమందిని చూసి ఉండవు. పాలు కొనడానికి వెళ్తున్నవాళ్ళు, కుట్టుమిషను దగ్గరి నుంచి లేచివచ్చిన దర్జీ, జుట్టు సగం కత్తిరించుకున్న పెద్దమనిషి మెళ్ళో గుడ్డతో సహా, అంతా ఎక్కేశారు. వాళ్ళను తోసుకుంటూ హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ఎవరో అప్పటికే ఆమెకు ఫోను చేశారు. ఆమె వెనకే మామగారు. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని అల్లుడి మెట్ల మీదే కన్నేసి ఉన్నాడాయన. సన్నగా చినుకులు పడుతుంటే పొడుగాటి నల్లగొడుగు మడిచి చంకలో పెట్టుకుని, అల్లుడి పరువు ఎలా పోతుందో దగ్గర్నుంచి చూడాలని తీరుబడిగా ఎక్కి వచ్చాడు.

డాక్టరు భార్య తలుపు సందులోంచి గుసగుసలాడింది. "ఏమండీ, హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ఊరంతా వచ్చింది. మా నాన్న కూడా వచ్చాడు."

మొదటి రెండు కబుర్లకూ డాక్టరుకు గుండె దడదడలాడింది. మూడోదానికి ఆ దడ కూడా ఆగిపోయింది. సోమవారం ఉదయం కళ్ళముందు కనపడింది. టార్చి, మామగారి మోచెయ్యి, ఇంజనీరింగు.

"ఇదిగో, సినిమా చెడిపోయింది. ఇక బాగుకాదు" అన్నాడు పాపతో, ప్లేయరు తీగ పీకేస్తూ నీరసంగా.

పాప ఆలోచించింది. "తర్వాత ఏమవుతుందో నీకు తెలుసా?"

"పదకొండుసార్లు చూశాను."

"అయితే బయటికి వచ్చి చెయ్యి."

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ అంగీ కనపడగానే పిల్లలు గోడకు అతుక్కుపోయారు. హెడ్‌మిస్ట్రెస్ ఏదో అడగబోయింది. డాక్టరు ఆమె వైపు చూడలేదు. గది మధ్యకు వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, మాస్కు తీసి నేలకేసి కొట్టి, "ఓడిపోయాను! రాకుమారీ, నిన్ను మడిచిన పాపం నాది!" అన్నాడు. అది సినిమాలో మాంత్రికుడి మాటే. కాకపోతే మాంత్రికుడి గొంతు అంత నిజంగా వణకలేదు.

పిల్లల ఏడుపు టక్కున ఆగింది.

"గొడుగేదీ?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

ముప్పై జతల కళ్ళు గదంతా వెతికి, మామగారి చంక దగ్గర ఆగాయి. "అరే, అరే, అది నాదర్రా!" అనేలోపే గొడుగు చేతులు మారి డ్రిల్లు మాస్టారి దగ్గరికి చేరింది. ఆయన దాన్ని రెండు చేతులా నిటారుగా పట్టుకుని, బొటనవేలు గొడుగు మీటమీద పెట్టుకుని నిలబడ్డాడు. పాప చెయ్యి ఎత్తింది.

"అందరూ పాడాలి. పెద్దవాళ్ళు కూడా. ఒక్కళ్ళు మానేసినా తెరుచుకోదు."

"ఆ..." అని మొదలైంది. పిల్లలు పాడారు, హెడ్‌మిస్ట్రెస్ ఏం జరుగుతోందో తెలియకుండానే పాడింది, సగం జుట్టాయన పాడాడు, చెప్పుల కొట్టాయన చెప్పుతో తాళం వేశాడు. మోకాళ్ళ మీదున్న డాక్టరుకు ఎదురుగా, సరిగ్గా కళ్ళ ఎత్తులో, మొదటి వరస నోళ్ళు బార్లా తెరుచుకుని ఉన్నాయి. పదేళ్ళ చదువు ఊరుకోనిస్తుందా? జేబులోంచి టార్చి తీశాడు. మోకాళ్ళ మీదే పాకుతూ నోరు నోరుకీ వెలుగు కొట్టసాగాడు.

"రెండోవాడు, కింద ఎడమవైపు పుచ్చు. మూడు బాగుంది. నాలుగు బాగుంది. ఐదు, గార." డాక్టరు భార్య పాడుతూనే రాసుకుంది.

ఇరవై రెండు సెకన్లు అయిపోయాయి. డ్రిల్లు మాస్టారు ఆశగా పాప వంక చూశాడు. పాప తల అడ్డంగా ఊపింది.

"ఎవరో పాడలేదు. మళ్ళీ."

రెండోసారి పాడారు. డాక్టరు రెండో వరస పూర్తిచేశాడు. ఈసారి పాప పాడుతూనే ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వచ్చి, మామగారి ముందు ఆగింది.

"ఈ తాత నోరు తెరవట్లేదు!"

అందరూ అటు తిరిగారు. మామగారు పెదాలు బిగించి గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు.

"అయ్యా, పిల్లల సరదా కోసం" అంది హెడ్‌మిస్ట్రెస్.

"నాకు పాటలు రావమ్మా" అన్నాడాయన పళ్ళు విడదీయకుండా.

"పాడండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు డ్రిల్లు మాస్టారు. ముప్పై ఐదేళ్ళ ఎదురుచూపు ఇప్పుడు ఈ ముసలాయన మూతి దగ్గర ఆగిపోయింది.

మూడోసారి మొదలైంది. డాక్టరు మూడో వరస చూసుకుంటూ పాకి పాకి సరిగ్గా మామగారి కాళ్ళ దగ్గర తేలాడు. పాప పక్కనున్న బెంచీ ఎక్కి, ఆయన ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"భయమా తాతా?"

"ఎవరికే భయం? నాకా?" అని గర్జించాడాయన.

నలభై ఏళ్ళ గర్వమంతా ఆ ఒక్క గర్జనలో తెరుచుకుంది. డాక్టరు టార్చి అలవాటు కొద్దీ ఆ నోట్లోకీ తిరిగింది. కింది దవడలో చివరి పన్ను నల్లగా, చుట్టూ దూది కుక్కి ఉంది. గర్జన గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

అదే క్షణాన డ్రిల్లు మాస్టారి బొటనవేలు కదిలింది. ఫట్‌మని గొడుగు తెరుచుకుంది. దాని మీది చినుకులు అందరి ముఖాల మీదా చిట్లాయి. గది దద్దరిల్లిపోయింది. పిల్లలు ఎగిరి గంతులేశారు, డ్రిల్లు మాస్టారు గొడుగు కిందే నిలబడి ఆనందంగా ఈల ఊదాడు, ఏ నేరం పట్టుకుందామని వచ్చారో మరిచిపోయి జనం చప్పట్లు కొట్టారు.

హెడ్‌మిస్ట్రెస్ పుస్తకం తీసుకుని చూసింది. ముప్పై పేర్లు, ముప్పై నోళ్ళు, ఏ పన్ను ఎలా ఉందో ఎదురుగా రాసి ఉంది.

"మూడు గంటలు పడుతుందన్నారు. నిమిషంలో చూసేశారే!" అంది ఆశ్చర్యంగా. "ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ మా పిల్లల కోసం మోకాళ్ళ మీద పాకలేదండీ. సోమవారం మూడో తరగతిని పంపనా?"

సోమవారం అన్న మాట అంత తియ్యగా ఉంటుందని డాక్టరుకు అప్పుడే తెలిసింది.

జనం పలచబడ్డాక మామగారు అల్లుణ్ణి లోపలి గదిలోకి లాగి తలుపు దగ్గరగా వేశాడు.

"చూశావు కదూ?"

"చూశాను మామయ్యగారూ. ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు. ఒకపక్కే నములుతున్నాను. మీ అత్తయ్యకు కూడా తెలీదు."

"మీ దగ్గర నలుగురు డాక్టర్లున్నారు కదండీ. ఒక్కరితో అయినా..."

"నా కింద పనిచేసేవాడి ముందు నేను నోరు తెరుచుకుని ఎలా పడుకుంటానయ్యా? రేపట్నుంచి నా మాట వింటాడా?" ఆయన కుర్చీ వంక ఒకసారి, పట్టకారు వంక ఒకసారి చూశాడు. "నలభై ఏళ్ళు దాని పక్కన నిలబడ్డాను అల్లుడూ. ఒక్కసారైనా అందులో కూర్చోలేదు. అందుకని చెప్తున్నా. నువ్వు నా దగ్గర చేరొద్దు. సోమవారం కాదు కదా, ఎప్పుడూ చేరొద్దు. నీ బోర్డు నీకు ఉండాలి. నాకు బయటి డాక్టరు ఒకడు కావాలి."

"ఇప్పుడే తీసేద్దామా?"

"ఇంకోసారి చూద్దాంలే" అని ఆయన తలుపు వైపు నడిచాడు. తలుపు తీసేసరికి గుమ్మంలో ముప్పై మంది నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"మేం పాడతాం తాతా" అంది తొర్రిపళ్ళ పాప.

ఇక తప్పించుకునే దారి లేదు. మామగారు బలిపీఠం ఎక్కినట్టు కుర్చీ ఎక్కాడు. డాక్టరు భార్య, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ, కాగితం ఒకటి తెచ్చింది.

"నాన్నా, పన్ను తీసే ముందు మనవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. అమ్మను పిలవనా?"

"వద్దు! మీ అమ్మను పిలవకు!" అని ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

పాప ముందుకొచ్చి కలం అందుకుంది. పేరు రాయాల్సిన చోట తన పేరు గుండ్రంగా రాసింది. దాని పక్కన 'రోగికి ఏమవుతారు?' అని ఉంటే, కాసేపు ఆలోచించి, 'ఇందాకటి నుంచే తెలుసు' అని పూర్తిచేసింది.